గీత నునుపుగా ఉంటే నమ్మేయడమేనా?

2022 జులైలో కడెం ప్రాజెక్టుకు దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 18 గేట్ల సామర్థ్యాన్ని మించిన నీరది. వేసవిలో నీటిమట్టాన్ని రోజుకోసారి చూసినా నడుస్తుంది. అలాంటి వరదలో గంటగంటకూ చూడాల్సిందే. పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె రాసుకుని రెండింటినీ గీతతో కలిపితే మధ్యాహ్నం వచ్చిపోయిన ఉధృతి కాగితం మీద ఉండదు.

నిర్మల్ జిల్లాలో ఎవరికైనా తెలిసిన ఈ సంగతి, కోడ్‌తో గ్రాఫులు గీసేటప్పుడు మాత్రం గుర్తుకురాదు. కంప్యూటర్ వక్రరేఖను గీయదు. కొన్ని x విలువల దగ్గర ప్రమేయాన్ని లెక్కగట్టి, ఆ చుక్కలను చిన్నచిన్న సరళరేఖలతో కలుపుతుంది. పైథాన్ వాళ్లకు అలవాటైన నమ్‌పైలోని లిన్‌స్పేస్‌కు ఎన్ని చుక్కలో చెప్పకపోతే సమాన దూరాల్లో 50 తీసుకుంటుంది. సున్నా నుంచి ఒకటి వరకు 48 అలలుండే సైన్ ప్రమేయాన్ని ఆ 50 చుక్కలతో గీయించి చూడండి. తెర మీద కనిపించేది ఒకే ఒక్క అల, అదీ తలకిందులుగా! 49 అలలిస్తే ప్రతి చుక్కా సున్నా మీదే పడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, అసలు చిక్కంతా అక్కడే.

చుక్కలు పదివేలు చేస్తే పోలేదా అంటారు కొందరు. టాన్ ప్రమేయానికి 90 డిగ్రీల దగ్గర విలువే లేదు. చుక్కలు ఎన్ని పెంచినా పైకొసనూ కిందికొసనూ కలుపుతూ లేని నిలువుగీత వచ్చి కూర్చుంటుంది. అక్కడ గీతను తెంపాలి. సైన్(1/x) సున్నాను సమీపించేకొద్దీ అలలకు అంతే ఉండదు. మ్యాట్‌ల్యాబ్‌లోని ఎఫ్‌ప్లాట్, మ్యాథమెటికా లాంటివి వంపు ఎక్కువున్న చోట వాటంతటవే చుక్కలు పెంచుతాయి. మంచిదే. కానీ మొదట వేసిన చుక్కలకే వంపు చిక్కకపోతే అవీ మోసపోవచ్చు.

బడిలో మైనస్ 3 నుంచి 3 వరకు పట్టిక వేసి పరావలయం గీయించడంలో తప్పులేదు, దానికి అది చాలు. ఆ అలవాటే ల్యాబ్‌లోకీ వస్తే కష్టం. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీలో పిల్లలు పది పాసవగానే చేరి ఆరేళ్లు చదువుతారు. ఇది నేర్పడానికి అంతకన్నా అనువైన చోటు జిల్లాలో లేదు. రికార్డులో ప్రతి గ్రాఫు పక్కన చుక్కలు ఎన్ని, ఎక్కడ, ఎందుకు అని రాయించి వాటికీ మార్కులివ్వాలి. అదే గ్రాఫును 50 చుక్కలతో ఒకసారి, 137తో మరోసారి గీయించాలి. రెండూ పొసగకపోతే రికార్డు మీద సంతకం ఆగాలి.