కథ తెలియని మాట

నలభై అయిదు నిమిషాల ఒకే కథను ముప్పై ఏళ్లకు పైగా మళ్లీ మళ్లీ చూస్తూ, అందులోని ఒక్కొక్క మాట మీద గంటల తరబడి చర్చించుకునే అభిమానులు ఉన్నారంటే మన పెద్దలలో చాలామంది దాన్ని కాలహరణమని కొట్టిపారేస్తారు. దృశ్యమాధ్యమాలపై నా అభిప్రాయం ఈ శీర్షిక పాఠకులకు కొత్త కాదు గనుక దాన్ని ఇక్కడ మళ్లీ విప్పను. అయితే ఆ అలవాటు మాత్రం మదర్సా ఉపాధ్యాయునికి పరాయిదిగా తోచదు. సాయంకాలం విద్యార్థులు గుంపులుగా కూర్చొని, ఒకరు చెబుతుండగా తక్కినవారు వింటూ, పొద్దున ఉస్తాద్ చెప్పిన పాఠాన్నే తిరిగి చెప్పుకోవడాన్ని మేము తక్రార్ అంటాము. పాఠం మొదటిసారి చెవిన పడుతుంది. తక్రార్‌లో బోధపడుతుంది.

నేను చెబుతున్న కథ పేరు 'డార్మాక్'. 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' అనే అమెరికన్ విజ్ఞాన కల్పనా ధారావాహికలో అయిదవ భాగపు రెండవ కథగా 1991 సెప్టెంబర్ 30న తొలిసారి ప్రసారమైంది. అంతరిక్ష నౌక నాయకుడు పికార్డ్‌కు టమేరియన్లు అనే జాతి ఎదురవుతుంది. నౌకలో ఏ భాషనైనా అనువదించే యంత్రం ఉంది. అది టమేరియన్ల మాటలను కూడా అనువదిస్తుంది, కానీ ఒక్క ముక్క అర్థం కాదు. ఎందుకంటే వారు తమ పురాతన గాథలలోని వ్యక్తుల పేర్లతో, స్థలాల పేర్లతోనే సంభాషిస్తారు. ఇవ్వడాన్ని చెప్పాలంటే చేతులు చాచి నిలిచిన ఒకానొక మనిషిని తలచుకుంటారు. ఓటమిని చెప్పాలంటే గోడలు కూలిన ఒక ఘట్టాన్ని తలచుకుంటారు. నౌకలోని పండితులు డార్మాక్ ఎవరో వెతికి పట్టుకుంటారు. అతడొక వేటగాడని తేలుతుంది. అయినా ప్రయోజనం లేదు. పేరు దొరికింది గాని కథ దొరకలేదు.

ఇదేదో అన్యగ్రహపు వింత అనుకోనక్కరలేదు. మన తెలుగే తీసుకోండి. భగీరథ ప్రయత్నం, కుంభకర్ణ నిద్ర, త్రిశంకు స్వర్గం అని మనమూ రోజూ అంటూనే ఉంటాము. భగీరథుడు ఎవరో తెలియని వానికి ఆ మాటను ఏ నిఘంటువు ఎంతవరకు విప్పి చెప్పగలదు?

టమేరియన్ నాయకుడు డేథాన్ రెండు బాకులు పట్టుకొని, పికార్డ్‌ను తనతో పాటు ఒక నిర్జన గ్రహం మీదికి దింపుతాడు. ఒక బాకు అతనివైపు విసురుతాడు. తనను ద్వంద్వయుద్ధానికి పిలుస్తున్నాడని పికార్డ్ భ్రమపడి దాన్ని తిరస్కరిస్తాడు. నిజానికి అక్కడ ఒక భయంకర మృగం ఉంది. డార్మాక్, జలాద్ అనే ఇద్దరు అపరిచితులు టనాగ్రా అనే చోట ఒక మృగంతో కలిసి పోరాడి మిత్రులైనట్లే తామిద్దరూ కావాలన్నది డేథాన్ కోరిక. పికార్డ్‌కు ఆ సంగతి అర్థమై ఇద్దరూ కలిసి పోరాడుతుండగా, నౌకలోని వారు తమ నాయకుణ్ణి రక్షించబోయి సరిగ్గా ఆ క్షణంలోనే అతణ్ణి పైకి లాగుతారు. డేథాన్ ఒంటరివాడై మృగానికి చిక్కుతాడు. మంచి ఉద్దేశంతో చేసిన పనే అతని ప్రాణం మీదికి తెచ్చింది. ఆ రాత్రి మంట పక్కన, మరణించబోతున్న డేథాన్‌కు పికార్డ్ మన భూమి మీది గిల్గమేష్ గాథను చెబుతాడు.

తొలిసారి చూసేవారు సహజంగానే పికార్డ్ పక్షాన ఉంటారు. అతనిలాగే తికమకపడతారు, విసుగుపడతారు. రెండవసారి చూసేటప్పుడు ప్రతి మాటా ముందే తెలుసు. అప్పుడు దృష్టి డేథాన్ మీదికి మళ్లుతుంది. తాను చెబుతున్నది ఎదుటివానికి అందడం లేదని తెలిసి, ప్రాణానికి తెగించి, అదే మాటను మరింత ఓపికగా చెబుతున్న మనిషి కనిపిస్తాడు. అభిమానుల చర్చలలో నాకు విలువైనదిగా తోచింది ఈ మార్పే. ఇలాంటి భాషతో నౌకలు ఎలా కట్టగలిగారన్న వాదోపవాదాలు వినోదానికి బాగానే ఉంటాయి. 2014లో ఇయాన్ బోగోస్ట్ అనే విద్వాంసుడు 'ది అట్లాంటిక్' పత్రికలో ఈ ఒక్క కథ మీదే దీర్ఘ వ్యాసం రాశారు.

మాట తెలిసి మర్మం తెలియకపోవడం మన చరిత్రలోనూ ఉంది. తెల్లదారం నల్లదారం నుంచి స్పష్టంగా వేరుపడేవరకు సహరీ చేయవచ్చన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని (2:187) విని, హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) తన తలగడ కింద రెండు తాళ్లు పెట్టుకొని రాత్రంతా చూశారు. అది రాత్రి నలుపు, పగటి తెలుపు అని దైవప్రవక్త (సల్లం) ఆయనకు వివరించారు. అదీ అరబ్బే, అది ఆయన మాతృభాషే. అంతేకాదు, దానగుణానికి మారుపేరైన హాతిం తాయ్ కుమారుడాయన!

మాటకు కథ తోడైనప్పుడు ఏం జరుగుతుందో చూడాలంటే హజ్రత్ ఆయిషా (రజి) మీద అపనింద పడిన నాటి వృత్తాంతం చదవాలి. నెల రోజుల వేదన తర్వాత, తన పక్షాన బదులివ్వమని ఆమె తండ్రిని అడిగారు, తల్లిని అడిగారు. ఏం చెప్పాలో తమకు తెలియడం లేదన్నారు వారిద్దరూ. అప్పుడామె చిన్న వయసు పిల్ల. తనకు అప్పటికి ఖుర్ఆన్ ఎక్కువగా రాదని తానే చెప్పుకున్నారు. నిర్దోషినంటే నమ్మరు, దోషినంటే నమ్ముతారు. అలాంటి స్థితిలో తనకు యూసుఫ్ తండ్రి ఉదాహరణ తప్ప మరొకటి కనిపించడం లేదన్నారామె. ఆ దుఃఖంలో యాఖూబ్ (అలైహి) పేరు కూడా స్ఫురించలేదని కొన్ని ఉల్లేఖనాలలో ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి, అబద్ధపు నెత్తురు పూసిన చొక్కా, చెక్కుచెదరని సహనం (12:18) అన్నీ ఆ రెండు మాటలలో ఉన్నాయి. యూసుఫ్ తండ్రి ఎవరని ఆ గదిలో ఎవరూ అడగవలసిన పని లేకపోయింది.

నేడు మన ఇళ్లలో పిల్లలు అడుగుతున్నారు. మరికొందరు అడగడం కూడా మానేశారు. దాదీమా నిట్టూరుస్తూ "అయ్యూబ్ సబర్ కావాలి" అంటే మనవడికి అది ముసలివారి గొణుగుడుగా వినిపిస్తుంది. ఎవరి సంపదనో చూసి "ఖారూన్ ఖజానా" అంటే అందులో మెప్పు ఉందో హెచ్చరిక ఉందో వాడికి తెలియదు. ఆమె మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పే తండ్రి ఆ నౌకలోని యంత్రం చేసిన పనే చేస్తున్నాడు. అమ్మీకి తీరిక లేదు, అబ్బా ఫోన్‌లో ఉంటారు. దాదీమా ఒకే మాటను నాలుగుసార్లు చెప్పి, తర్వాత ఊరుకుంటుంది.

టమేరియన్ పిల్లలు ఆ భాషను ఎలా నేర్చుకుంటారన్నది అభిమానులు తెగని ప్రశ్నగా వాదించుకుంటారు. మాటతోనే మాటను ఎలా నేర్పుతారని వారి సందేహం. మన పిల్లలు ఎలా నేర్చుకోవాలన్నది అంత కష్టమైన ప్రశ్న కాదు. ఖారూన్ వృత్తాంతం ఖసస్ సూరాలో ఏడు వాక్యాలు (28:76-82), నెమ్మదిగా చెప్పినా పది నిమిషాల పని. అయ్యూబ్ (అలైహి) ప్రస్తావన అన్బియా సూరాలో రెండు వాక్యాలు, సాద్ సూరాలో నాలుగు. దాదీమా దగ్గర ఇంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. అందులో కొంత ఇస్రాయీలీ కథనాల కల్తీ కూడా ఉండవచ్చు. దాన్ని జల్లెడ పట్టే పని తర్వాత మాకు వదిలేయండి, ముందు ఆమెను చెప్పనివ్వండి.