పెళ్లి పిలుపుకొచ్చే పల్లకి

కనుమ వచ్చిందంటే మా ఊళ్లో ఆడవాళ్లకు చేతినిండా పని. అహోబిలం నరసింహస్వామి పారువేట పల్లకి బయలుదేరి నెలన్నర దాకా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. స్వామి తన పెళ్లికి తానే పిలవడానికి వస్తాడని మా నమ్మకం. పల్లకి దించే అరుగును తెలుపు అంటాం. దాని చుట్టూ అలికి ముగ్గులెయ్యాలి, ఆడబిడ్డలకు కబురు పెట్టాలి. మా చిన్నాయన ఇంటి ఆడబిడ్డకు మాత్రం పదకొండేళ్లుగా కబురు పోవడం లేదు.

ఆ స్వామి చేసుకున్నది చెంచు పిల్లను. చెంచులకు ఆయన ఇప్పటికీ ఇంటి అల్లుడే. ఇంకొంచెం దక్షిణానికి పోతే దేవుని కడప. అక్కడ ఉగాది రోజు ముస్లింలు వెంకటేశ్వరస్వామి గుడికొస్తారు. ఆ స్వామి చేసుకున్న బీబీ నాంచారి వాళ్ల ఆడపడుచు, ఆ లెక్కన ఆయనా అల్లుడే. కులం బయట ఒకరు, మతం బయట ఒకరు. ఇద్దరికీ టెంకాయలు కొడుతున్నాం.

మా ఇంటి సంగతికొస్తాను. పెద్దనాయన కొడుకు వేరే కులం పిల్లను చేసుకున్నాడు. ఆరు నెలలు మాటల్లేవు, సీమంతానికి అందరూ కలిశారు. ఇప్పుడు తెలుపు దగ్గర మొదటి ముగ్గు ఆ వదినదే. చిన్నాయన కూతురు నంద్యాలలో తనతో చదివిన ముస్లిం అబ్బాయిని చేసుకుంది. ఆమె ఫొటో గోడ మీది నుంచి దిగింది. మతం వేరు కదా అంటారు. నిజమే, కానీ ఆడపిల్ల కావడమే పెద్ద నేరమని నా లెక్క. కొడుకు పిల్లను ‘తెచ్చుకున్నాడు’, కూతురు ‘లేచిపోయింది’. తీర్పు ఆ మాటల్లోనే ఉంది. దేవుడు బయటి పిల్లను తెచ్చుకున్న కథలు బోలెడు విన్నాను. దేవుడి చెల్లెలు చెంచు పిల్లోడి వెంట పోయిన కథ మా జేజి ఒక్కటీ చెప్పలేదు.

చెల్లెలూ ఆ అబ్బాయీ దొంగచాటుగా పెళ్లి చేసుకోలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద దరఖాస్తు పెట్టారు. ఆ చట్టం ప్రకారం పేర్లు, వయసులు, చిరునామాలతో నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా అంటించి 30 రోజులు ఆగాలి. వయసు చాలకపోవడం, ముందే పెళ్లయి ఉండటం లాంటి కారణాలుంటేనే అభ్యంతరం చెల్లుతుంది. పరువు పోతుందన్నది ఆ జాబితాలో లేదు. కానీ నోటీసు చదివేది పరువు గలవాళ్లే. మూడో రోజుకల్లా ఎవరో ఫొటో తీసి చిన్నాయన ఫోనుకు పంపారు. నోటీసు బయట పెట్టాలా వద్దా అన్నది జంట ఇష్టమని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో చెప్పింది. పార్లమెంటు ఆ నిబంధనను చట్టంలోంచే తీసేయాలి. కులం కలిసిన పెళ్లికి లేని నెల రోజుల కాపలా వీళ్లకెందుకు?

ఇది ఆడవాళ్లను లెక్కచేయని సీమ అనుకోకండి. శోభా నాగిరెడ్డిని 1997 ఉప ఎన్నికలోనే అసెంబ్లీకి పంపింది ఆళ్లగడ్డ. 2014లో ఆమె ప్రమాదంలో చనిపోయాక కూడా ఓట్లేసి గెలిపించింది. మా చిన్నాయన కూడా ఆ క్యూలో నిలబడ్డాడు.

పల్లకి ఏ ఊళ్లో దిగినా ఎవరైనా పోయి చూడొచ్చు. ఆ వీలును కనిపెట్టింది మా చిన్నమ్మ. మా ఊళ్లో పల్లకి చూసుకుని, కొన్నాళ్లకు అది ఇంకో ఊళ్లో దిగినప్పుడు మొక్కుందని బయల్దేరుతుంది. ఆ ఊరి పేరు రాయను. నంద్యాల నుంచి చెల్లెలు పిల్లోణ్ని వెంటబెట్టుకుని బస్సులో వస్తుంది. జనంలో పక్కపక్కనే నిలబడతారు. చిన్నమ్మ స్టీలు డబ్బా మూత తీసి భక్ష్యాలు ఒక్కొక్కటే ప్లాస్టిక్ కవర్లోకి మారుస్తుంది. డబ్బా ఇవ్వదు. ఇంట్లో గిన్నెల లెక్క తప్పితే చిన్నాయనకు తెలిసిపోతుంది.

మొన్న చిన్నమ్మ ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించి అడిగింది: “పాపా, ఈ యేడు ఆ ఊరికి పల్లకి ఏ తేదీన వస్తాదో కొంచెం కనుక్కో.”