ట్రాలీ వెనుక లైటు వెలగనిదే రహదారి ఎక్కరాదు: సుల్తానాబాద్ ట్రాక్టర్ యజమానుల, డ్రైవర్ల సభ తీర్మానం

సుల్తానాబాద్ పట్టణంలోనూ మండలంలోని గ్రామాల్లోనూ ట్రాక్టర్ల మీద బతుకుతున్న యజమానులు, డ్రైవర్లు, ట్రాలీలు కట్టే వెల్డింగ్ షాపులవారు, ఆటో ఎలక్ట్రీషియన్లు, వడ్లు తోలించుకునే రైతులు ఒకచోట కూర్చొని, నీళ్లకు తడిసి పాడవుతున్న ట్రాలీ లైట్ల గురించి చర్చించి, ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

మన ట్రాలీకి నీళ్లు తప్పవు. నీరుకుల్ల, గట్టెపల్లి వైపు మానేరు వాగులోకి అనుమతి ఉన్న ఇసుక కోసం దిగితే టైర్లు సగం మునుగుతాయి. నింపుకొని గట్టెక్కినాక కూడా తడి ఇసుకలోని నీళ్లు వెనక డోరు సందుల నుంచి దారి పొడవునా కారుతూనే ఉంటాయి. అవి పడేది సరిగ్గా డోరు కింద బిగించిన లైట్ల మీద. నాట్ల కాలంలో నారు కట్టలు మోస్తే పొలం బురద, గణేశ్ నిమజ్జనం నాడు ట్రాలీని వెనక్కి నడిపి నీళ్ల అంచు దాకా దించడం, ఇవన్నీ మనకు తెలిసినవే. ఎండాకాలంలో పెంట తోలినప్పుడు జరిగే నష్టాన్ని మాత్రం మనం లెక్కలోకి తీసుకోవడం లేదు. పెంటలోంచి వచ్చే అమ్మోనియా రాగి తీగను తినేస్తుంది. పొటాష్ బస్తా చిరిగి రాలిన పొడికి తేమ తగిలితే అది ఉప్పునీళ్లతో సమానం. సముద్రం మనకు ఎంత దూరంలో ఉన్నా, సముద్రపు ఒడ్డున బండ్లకు పట్టే చిలుము మన ట్రాలీలకూ పడుతున్నది.

ఇలా తడిసిన ట్రాలీ నేరుగా ఎక్కేది రాజీవ్ రహదారి. హైదరాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం వైపు సాగే ఈ ఒకటో నంబరు రాష్ట్ర రహదారి మన ఊరి మీదుగానే పోతుంది. సింగరేణి బొగ్గు, బసంత్‌నగర్ సిమెంటు, రామగుండం యూరియా మోసే లారీలు రాత్రంతా దీని మీదే తిరుగుతాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు ముందుకు వస్తుంది. నిండు లోడుతో 20 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టర్ సెకనుకు అయిదున్నర మీటర్లే పోతుంది. అంటే ఆ రెండింటి నడుమ దూరం సెకనుకు దాదాపు 17 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. లైటు లేని, మట్టి కొట్టుకుపోయిన డోరు డిమ్ లైటు వెలుగులో 50 మీటర్ల దగ్గరికి వస్తే గాని కనబడదు. అప్పుడు వెనక డ్రైవర్‌కు మిగిలేది మూడు సెకన్లు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 105వ నియమం వెనుక ఎర్ర దీపం 155 మీటర్ల దూరానికి కనబడాలని చెబుతున్నది. ఆ దూరం నుంచి కనబడితే అదే డ్రైవర్‌కు తొమ్మిది సెకన్లు దొరుకుతాయి. బైకు మీద భార్యాపిల్లలతో వచ్చే మనిషి విషయంలోనూ లెక్క ఇంతే. అలా వచ్చేవాళ్లలో ఎక్కువమంది మన ఊళ్లవాళ్లే, మన బంధువులే. చలానా భయంతో ఈ సభ కూర్చోలేదు. ఆ మనుషుల కోసం కూర్చుంది.

లైటు ఎందుకు ఆరిపోతున్నదో సభలోని ఎలక్ట్రీషియన్లు విడమరచి చెప్పారు. మనం బల్బు పోయిందనుకొని బల్బు మారుస్తున్నాం. ఎక్కువసార్లు పోయేది ఎర్తు. చాలా ట్రాలీలకు ప్లస్ తీగ ఒక్కటే లాగి, మైనస్‌ను హుక్కు పిన్ను ద్వారా ఇనుము మీదే వదిలేస్తున్నారు. ఆ పిన్నుకు ఒకవైపు తుప్పు, ఒకవైపు గ్రీజు. గుంతలో ట్రాలీ ఎగిరినప్పుడల్లా కరెంటు తెగి కలుస్తుంది. కుడి ఇండికేటర్ వేస్తే రెండువైపులా మసకగా మినుకుమంటున్నా, బ్రేకు తొక్కితే పార్కింగ్ లైటు మందగిస్తున్నా అది ఎర్తు లోపమేనని డ్రైవర్లందరూ గుర్తుపెట్టుకోవాలి.

రెండో లోపం అతుకుల్లో ఉంది. తీగను మెలిపెట్టి, పైన టేపు చుట్టి వదిలేస్తే, ఒక్క వానాకాలానికే జిగురు కరిగి టేపు ఊడుతుంది. లోపలి రాగి పోగులు, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు, నీటిని ప్లాస్టిక్ తొడుగు లోపలికి పీల్చుకుంటాయి. పైకి తీగ బాగానే కనబడుతుంది. బ్లేడుతో గీరి చూస్తే జానెడు పొడవునా పచ్చగా, నల్లగా చిలుము. ఒక అతుకు దగ్గర ఒక్క ఓమ్ అడ్డు ఏర్పడినా 12 వోల్టుల, 21 వాట్ల బ్రేకు బల్బుకు చేరేది పదిన్నర వోల్టులే. వోల్టేజీ తగ్గిన దానికంటే వెలుగు ఇంకా వేగంగా తగ్గుతుంది కనుక ఆ బల్బు మూడో వంతుకు పైగా మసకబారుతుంది. మన ఇంటి ముందు చీకట్లో అది వెలుగుతున్నట్టే ఉంటుంది. రహదారి మీద ఎదురు లైట్ల మధ్య అది ఎవరికీ ఆనదు.

మూడోది మన అలవాటు. వెలుగుతూ వేడెక్కిన బల్బును అలాగే వాగులోకి దించితే గాజు పగులుతుంది. పగలకపోయినా, డబ్బాలోని వేడి గాలి చల్లబడి ముడుచుకుంటూ రబ్బరు సందుల నుంచి నీటిని లోపలికి లాగుతుంది. పడవలను ట్రైలర్ల మీద తెచ్చి చెరువుల్లో, సముద్రంలో దించే దేశాలవారు ఈ మాటే ముందుగా నేర్పుతారు: నీళ్లలోకి దించకముందే ప్లగ్గు పీకు, బల్బు చల్లారనీ. బ్రిటన్‌లో చాలామంది లైట్లన్నీ ఒక పలకకు బిగించి, నీళ్ల దగ్గరకు రాగానే ఆ పలకనే ఊడదీసి పక్కన పెట్టుకుంటారు. మన పనికి ఇంతకంటే తగిన ఉపాయం లేదని ఈ సభ భావిస్తున్నది.

అందువల్ల ఈ సభ తీర్మానిస్తున్నదేమంటే, ఇకనుంచి ఏ ట్రాలీకైనా లైట్ల ఎర్తు తీగ ప్రతి లైటు నుంచి ప్లగ్గు దాకా, ప్లగ్గు నుంచి ట్రాక్టర్ బాడీ దాకా విడిగా ఉండాలి. హుక్కు మీద ఎర్తు వదిలే పని ఏ ఎలక్ట్రీషియనూ చేయరాదు, ఏ యజమానీ అడగరాదు. తీగను ట్రాలీ చాసిస్ లోపలివైపు పైపులో నడపాలి. అతుకులు వీలైనంత తగ్గించాలి. తప్పనిచోట సీసంతో అతికి, లోపల జిగురు ఉన్న రబ్బరు గొట్టం తొడిగి వేడితో బిగించాలి. ప్లగ్గు పిన్నులకు వ్యాసలిన్ పల్చగా పూయాలి. ట్రాక్టర్‌కు ట్రాలీ లేనప్పుడు సాకెట్ మూత మూసే ఉండాలి, ఊడదీసిన ప్లగ్గు నేల మీద ఈడ్చుకుంటూ పోకుండా ట్రాలీ ముందు కొక్కేనికి తగిలించాలి.

వాగులోకి దిగే ప్రతి ట్రాలీకి ఊడదీసే లైట్ల పలక ఉండాలని వెల్డింగ్ షాపులవారిని ఈ సభ కోరుతున్నది. వెనక డోరుకు రెండు కొక్కేలు, వాటికి తగిలే పలక, ముందుకు ఒకే తీగ, చివర ప్లగ్గు. నింపేటప్పుడు పలక ట్రాక్టర్ సీటు వెనుక ఉంటుంది. గట్టెక్కినాక, ఇసుక నీళ్లు కొంత కారినాక, తగిలిస్తారు. పలక తగిలించడం మరిచిపోతారన్న అభ్యంతరం చర్చలో వచ్చింది. అది న్యాయమైన అనుమానమే. కనుక మానేరు దారులు రహదారిని కలిసేచోట ప్రతి డ్రైవర్ బండి ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసుకోవాలి. తోడు మనిషి లేకుంటే, హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు పెడల్‌కు సీటుకు మధ్య ఒక కర్ర ఆనించి వెనక్కి పోయి చూడవచ్చు. చూసినాక కర్ర తీయడం మరువరాదు.

బల్బు లైట్ల డబ్బా చుట్టూ సిలికాన్ పూసి పూర్తిగా మూసేయాలని కొందరు సభ్యులు వాదించారు. సభ దానికి ఒప్పుకోలేదు. తేమ ఎట్లాగైనా లోపలికి చేరుతుంది, బయటికి దారి లేకుంటే హోల్డర్‌ను తుప్పు పట్టిస్తుంది. అలాంటి డబ్బాకు అడుగున చిన్న రంధ్రం ఉంచడమే మేలు. కొత్తగా కొనేవారు ఐపీ 67 ముద్ర ఉన్న, లోపల రెసిన్ పోసి మూసిన ఎల్ఈడీ లైట్లు తీసుకోవాలి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా నీరు చొరరాదన్నది ఆ ముద్ర అర్థం. లైటుకు ఉన్న ఆ రక్షణ దాని వెనుక మనం వేసే అతుకుకు ఉండదు. కనుక ఎల్ఈడీ కొన్నంత మాత్రాన పైన చెప్పిన పనులు తప్పవు.

ఎర్ర రిఫ్లెక్టర్ టేపు ప్రతి డోరుకూ అంటించాలి. అయితే టేపు ఉంది కదా అని లైటు వదిలేయడాన్ని ఈ సభ అంగీకరించదు. టేపు మెరిసేది వెనక బండి లైటు దాని మీద పడినప్పుడే, అదీ మట్టి తుడిచి ఉంటేనే. వడ్ల మీద కప్పే పరదా అంచులు, గడ్డి కట్టలు లైట్ల మీదికి వేలాడకుండా తాడుతో పైకి కట్టాలి. ఈ ఒక్క పనికి రూపాయి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, అయినా కోతల కాలంలో లైట్లు కనబడకపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

ఏడాదికి రెండుసార్లు అందరి ట్రాలీల లైట్లు పరీక్ష చేయాలని నిర్ణయించాం. వానాకాలం వడ్లు కదిలేముందు దసరాకు, యాసంగి వడ్లు కదిలేముందు ఉగాదికి. దసరా నాడు ట్రాక్టర్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేముందే లైట్లు చూసుకోవాలి. ఈ రెండు పరీక్షలకు కూలి తీసుకోబోమని సభలోని ఎలక్ట్రీషియన్లు మాట ఇచ్చారు. సామాను ఖర్చు యజమానిదే. లైటు వెలగని ట్రాలీని పొద్దుగూకినాక తీసుకుపొమ్మని యజమాని చెబితే, కాదనే హక్కు డ్రైవర్‌కు ఉంటుంది. అలా కాదన్నందుకు ఆ రోజు కూలి కోస్తే ఈ సభ డ్రైవర్ పక్షాన నిలబడుతుంది.

రైస్ మిల్లుల యజమానులకు ఈ సభ విన్నపం: మీ గేట్ల ముందు మా బండ్లు గంటల తరబడి వరుసలో నిలబడతాయి. అక్కడ ఒక నల్లా, ఒక వెలుగు ఏర్పాటు చేస్తే డ్రైవర్లు ఆ సమయంలోనే లైట్లు కడిగి, ప్లగ్గు తుడిచి చూసుకుంటారు. కొనుగోలు కేంద్రాల నిర్వాహకులు రాత్రి ట్రిప్పు కోసం తొందరపెట్టవద్దు. రవాణా శాఖ, పోలీసు అధికారులు కోతలకు ముందే మా మధ్యకు వచ్చి తనిఖీ శిబిరం పెట్టాలని కోరుతున్నాం. మొదటిసారి లోపం దొరికితే బాగు చేసుకోవడానికి గడువు ఇచ్చి, రెండోసారి దొరికితే చట్టప్రకారం నడుచుకోవచ్చు. దానికి మేము అడ్డు చెప్పము.

ఈ తీర్మానం ప్రతులను పెద్దపల్లి జిల్లా రవాణా అధికారికి, సుల్తానాబాద్ పోలీస్ స్టేషన్‌కు, తహసీల్దార్ కార్యాలయానికి, మున్సిపాలిటీకి, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి, రైస్ మిల్లుల యజమానులకు అందజేయాలని, ఒక ప్రతిని మానేరు దారి రహదారిని కలిసేచోట బోర్డు మీద రాయించాలని సభ తీర్మానించింది. వచ్చే యాసంగి వడ్ల తొలి ట్రిప్పు నుంచి ఇది అమలులోకి వస్తుంది.