ప్రోటియస్‌ని పట్టుకుంటే వదలకూడదు

ఇంగ్లీషులో 'ప్రోటియన్' అని ఒక మాట ఉంది. ఎన్ని రూపాలైనా మార్చగలవాడని మెచ్చుకోలుగా వాడతారు. మన ఫీల్డులో అందరూ అలాగే ఉండాలంటారు కూడా. కానీ ఆ మాట పుట్టిన గ్రీకు కథ చదివితే, మెచ్చుకోవాల్సింది ప్రోటియస్‌ని కాదు, అతన్ని పట్టుకున్నవాణ్ణి అనిపించింది నాకు.

కథ హోమర్ 'ఒడిస్సీ' నాలుగో భాగంలో ఉంది. ట్రాయ్ యుద్ధం అయ్యాక ఇంటికెళ్తూ మెనెలాస్ ఈజిప్టు దగ్గర ఫారోస్ దీవిలో గాలి లేక 20 రోజులు ఇరుక్కుపోతాడు. కారణం చెప్పగలిగింది సముద్రపు ముసలాయన ప్రోటియస్ ఒక్కడే. ఆయనకి అన్నీ తెలుసు, కానీ ఊరికే అడిగితే చెప్పడు. కిటుకు చెప్పిందెవరనుకున్నారు? ఆయన సొంత కూతురు ఐడోథియా! మెనెలాస్, మరో ముగ్గురు సీల్ తోళ్ళు కప్పుకుని ఒడ్డున పడుకుంటారు. ముసలాయన నిద్రపోగానే మీద పడతారు. సింహం, పాము, చిరుత, అడవిపంది, నీళ్ళు, చెట్టు... ఏమైనా సరే వదలరు. చివరికి విసిగిపోయి అసలు రూపంలోకొస్తాడు.

హెరాక్లీస్ కూడా నీరియస్ అనే మరో సముద్రదేవుణ్ణి ఇలాగే పట్టుకుని దారి కనుక్కున్నాడు.

మన మారీచుడు మోసం చేయడానికి లేడి అయ్యాడు. వీళ్ళు మాత్రం నిజం చెప్పకుండా తప్పించుకోవడానికి మారతారు. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది.

ఆమధ్య ప్రొడక్షన్‌లో ఒక బగ్ ఇలాగే ఆడించింది. ఒకరోజు డేటాబేస్‌లా, మర్నాడు నెట్‌వర్క్‌లా, ఇంకోరోజు మెమరీలా కనిపించేది. సర్వర్ రీస్టార్ట్ చేసి వదిలేసేవాళ్ళం. మధ్యలో ఒక మీటింగులో నేను తప్పు ఒక జూనియర్ మీదకి తోసేశాను. తర్వాత రాత్రంతా వదలకుండా కూర్చుంటే దొరికింది. ఆ కోడ్ రాసింది నేనే!

మెనెలాస్ కూడా ఇంటిదారి తెలియగానే లేచిపోవచ్చు. పోలేదు. తోటివాళ్ళ సంగతేంటని ఇంకా అడిగాడు. అన్న అగమెమ్నన్ హత్యకి గురయ్యాడని విని ఇసకలో కూలబడి ఏడ్చాడు.

నిజాన్ని గట్టిగా పట్టుకుంటే మనకి కావలసిందే కాదు, వినలేనిది కూడా చెప్తుంది. అందుకేనేమో, చాలాసార్లు చేతకాక కాదు, భయమేసి వదిలేస్తాం.

మర్నాడు అదే మీటింగులో, అందరి ముందూ ఆ అబ్బాయికి సారీ చెప్పాను. సింహాన్ని పట్టుకోవడం కన్నా అదే కష్టమైంది.