చేతివ్రేళ్ళు వంకరపోకముందే

మన యిండ్లలో పెద్దవారి చేతివ్రేళ్ళు వంకరలుపోయి, కణుపులు ఉబ్బియుండుట చూచి, "వాతము, వయసుతో వచ్చినది" అని ఊరకుండుట వాడుక. అన్ని వంకరలును వయసువలన వచ్చునవి కావు. వానిలో మిక్కిలి క్రూరమైనది తఱచుగా ముందు హెచ్చరించియే వచ్చును. ఆ హెచ్చరికను గుర్తించి వైద్యము చేయించుకొన్నచో వంకరను చాలవఱకు తప్పించుకొనవచ్చును. ఈ మాసము మేము విన్నవింపదలచినది ఇదియే.

కీళ్ళ అరుగుదలవలన కలుగు మార్పు వేఱు. నడివయసు దాటిన స్త్రీలకు వ్రేళ్ళ కొనకణుపులపై గట్టి బుడిపెలు లేచును. బొటనవ్రేలి మొదలు నొచ్చును. 18వ శతాబ్దపు ఆంగ్లవైద్యుడు విలియం హెబర్డెన్ వర్ణించుటచే ఆ బుడిపెలకు ఆయన పేరే నిలిచినది. కొనలు కొంచెము ప్రక్కకు వంగినను, ఇది సాధారణముగా మెల్లగా నడచునట్టిది.

రుమటాయిడు కీళ్ళవాతము అట్లు కాదు. మాధవకరుడు మాధవనిదానమున ఆమవాతమని వేఱుగా వర్ణించిన వ్యాధి దీనిని పోలియున్నది. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి కీళ్ళలోని పలుచని పొరను వాచజేయును. ఆ వాపు మృదులాస్థిని, ఎముకను క్రమముగా తినివేయును. కీలును పట్టియుంచు బంధనములు సడలును. అప్పుడు వ్రేళ్ళు చిటికెనవ్రేలివైపునకు ఒరగును. కొన్ని హంసమెడవలె వంపు తిరుగును. కొన్ని నడికణుపున ముడుచుకొని చాపరాకపోవును. పురుషులకంటె స్త్రీలకు ఇది రెండు మూడు రెట్లు అధికము. ముసలితనమున మాత్రమే కాక, పిల్లలను పెంచు వయసునను వచ్చును.

దీని హెచ్చరికలు ఇవి. ఉదయమున వ్రేళ్ళు బిగుసుకొని అరగంటకుపైగా, ఒక్కొక్కప్పుడు గంటకుపైగా, ముడువరాకుండుట. రెండు చేతులకును పిడికిటి కణుపులు, నడికణుపులు మెత్తగా వాచుట. వదులుగా తిరిగిన ఉంగరము బిగియుట. గాజులవాడు చేయి నొక్కి గాజు తొడుగునపుడు ఓర్వరాని నొప్పి కలుగుట.

తెల్లవారగనే చెంబు పట్టలేని కోడలు మధ్యాహ్నమునకు పని చేయుట చూచి, "ఉదయపు పనికి మాత్రము చేతులు రావు" అని నిందించు ఇండ్లు కలవు. ప్రొద్దెక్కినకొలది బిగువు సడలుట ఈ వ్యాధి స్వభావము, నటన కాదు. ఆ నిందకు వెఱచి ఆమె నోరు మూసికొన్న నెలలలోనే కీలు చెడును.

కావున వాపు కొన్ని వారములు నిలిచినచో జాగుచేయక కీళ్ళవ్యాధుల వైద్యునికి చూపింపవలయును. రక్తపరీక్షలో ఏమియు కనబడకున్నను వ్యాధి లేదని నిశ్చయింపరాదు. నొప్పిబిళ్ళ బాధను అణచునే కాని కీలును కాపాడదు. కాపాడు మందులలో మెతోట్రెక్సేటు ముఖ్యమైనది. దానిని వారమునకు ఒక్కదినమే పుచ్చుకొనవలయును. ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణులు వాడరాదు; బిడ్డను కోరువారు ముందుగనే వైద్యునికి తెలుపవలయును. పేరులేని పొడులను నమ్మకుడు. వానిలో స్టెరాయిడు కలిపి అమ్ముట కద్దు.

ఇదివఱకే వంకరపోయిన వ్రేళ్ళను మందు తిన్నగా చేయలేదు గాని, మిగిలిన కీళ్ళను రక్షించును. వ్రేళ్ళకు ఊతమిచ్చు పట్టీలు, నేర్పినవారి యెదుట అభ్యసించిన వ్యాయామములు, కొందఱికి శస్త్రచికిత్స ఉపకరించును. ఇంటిలో కత్తిపిడికి గుడ్డ చుట్టి లావు చేయుడు. బరువైన గిన్నెను వ్రేళ్ళతో వ్రేలాడదీయక రెండు అరచేతులతో ఎత్తుడు. దుప్పట్లు పిండు పని ఇతరులకు అప్పగింపుడు.

అత్తగారైనను కోడలైనను, ఉదయమున చేతులు రావని చెప్పినపుడు ముందు ఆమె కణుపులను చూడుడు. పిదప వైద్యుని యొద్దకు మీరే తోడుగా వెళ్ళుడు.