తీర్పరులకు తీర్పెవరు?

మంగళగిరి చెంత నవులూరున ఆంధ్ర క్రికెట్టు సంఘమువారి మైదానమున్నది. అట్టి చోట్ల అంపైరు పొరబడినచో ఏమి చేయవలెనో యోచించువారికి 2017 నాటి నాగపురపు ఉదంతము స్మరణీయము.

జనవరి 29న భారత ఇంగ్లండుల ఇరువది ఓవరుల పందెమున, ఆఖరి ఓవరులో జో రూటు ఎల్బీడబ్ల్యు అయినట్లు హైదరాబాదు అంపైరు షంషుద్దీనుగారు తీర్పిచ్చిరి. బంతి ముందుగా బ్యాటునకే తగిలినది! ఇంగ్లండు 5 పరుగులతో ఓడెను. తరువాతి బెంగుళూరు పందెమున షంషుద్దీనుగారు మైదానమున నిలువలేదు.

తీర్పును పునఃపరిశీలించు పద్ధతి ఆ ఆటలకు ఆనాటికి లేదు. ఆ యేటి చివరి భాగముననే వచ్చినది. సాధనమొసగని పాలకుల లోపము ఒక్కని తలపై పడుట మాకు సమ్మతము గాదు. అట్లని తీర్పరి ప్రశ్నకు అతీతుడనియు మేమనము. కన్ను పొరబడినచో శిక్షణము, పక్షపాతము రుజువైనచో తొలగింపు తగును. కెప్టెను ఫిర్యాదు, అంపైరు సమాధానము, తీసికొన్న చర్య, ఈ మూటిని సంఘమువారు ఏటేట ప్రకటింపవలెను. తెరలు, కెమెరాలు లేని కళాశాలల పందెములకు ఇది మరింత యావశ్యకము.