ఘటోత్కచుడి నవ్వు ఏ భాష?

పోయిన సంచిక చదివి ఒక సోదరి ఉత్తరం రాశారు. తెలుగు సినిమా పెడితే మాటలు అర్థం కావడం లేదని పిల్లలు లేచిపోతున్నారట. వాళ్ళను కూచోబెట్టే సినిమా ఏదైనా చెప్పమన్నారు. నాకు వెంటనే తోచింది 'మాయాబజార్' (1957). అందులోనూ ఘటోత్కచుడు పెళ్ళివంటలన్నీ ఒక్కడే ఆరగించే ఘట్టం.

చెన్నైలో పుట్టి పెరుగుతున్న మా ఎనిమిదేళ్ళ మనవడికి తమిళం వచ్చినంతగా తెలుగు రాదు. ఆ పాటలోని వంటకాల పేర్లు సగం తెలియవు. అయినా లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి వెళ్తుంటే, ఆ నవ్వుతోపాటు వాడూ పగలబడి నవ్వాడు. తర్వాత టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి, అదే ఘట్టం మళ్ళీ చూడమన్నాను. "తాతా, లడ్డూకి దారం కట్టారా?" అన్నాడు! మార్కస్ బార్‌ట్లే కెమెరా పనితనానికి రెండు చేతులూ జోడిస్తాను. కానీ ఆ మాయను నమ్మించేది సంగీతమేనని నా అభిప్రాయం. పాట వినబడుతున్నంతసేపూ వాడికి దారం సంగతి తోచలేదు మరి.

విజయావారు ఈ చిత్రాన్ని మద్రాసులో తెలుగు, తమిళ భాషలు రెండింట్లోనూ తీశారు. రెండింట్లోనూ ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు గారే. గొంతులే మారాయి. తెలుగులో మాధవపెద్ది సత్యం, తమిళంలో తిరుచ్చి లోగనాథన్. మా పక్కింటి మామికి ఆ పాట కంఠతా వచ్చు. అది తమిళపాటేనని ఆవిడ వాదన, మాదని నా వాదన. నిజానికి ఆ నవ్వుల వరస పుట్టిల్లు మరెక్కడో ఉంది. 1920లలో చార్లెస్ పెన్‌రోజ్ పాడిన 'ది లాఫింగ్ పోలీస్‌మన్' అనే ఇంగ్లీషు హాస్యగీతం వింటే ఆ చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. మన హరికథ రికార్డుల మీదుగా ఘటోత్కచుడి నోటికి చేరింది. ఈ సంగతి మామికి చెప్తే, "అయితే ఇద్దరం ఓడిపోయాం" అంది.

చిత్రంలో నాలుగు పాటల వరసలు సాలూరి రాజేశ్వరరావు గారివి. ఆయన తప్పుకున్నాక తక్కిన భారమంతా ఘంటసాల గారు మోశారు.

2015లో 'బాహుబలి' కూడా ఇలాగే తెలుగు, తమిళాల్లో తయారైంది. కీరవాణి గారిని తమిళులు మరగతమణి అంటారు, హిందీవారు ఎం.ఎం.క్రీం అంటారు. మన పిల్లలకు ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్నట్టే! అందులో కాలకేయుల భాషను తమిళ కవి మదన్ కార్కి కల్పించారు. అది ఎవరికీ రాని భాష గనుక మా మనవడికి ఏ లోటూ లేదు. యుద్ధఘట్టాల్లో ఆ డప్పులమోత మాత్రం నా చెవికి కొంచెం ఎక్కువే. పాతవాళ్ళు నిశ్శబ్దానికీ చోటిచ్చేవారు.

నన్ను బాధించే విషయం ఇంకొకటుంది. పాటలు రికార్డులుగా, క్యాసెట్లుగా వచ్చి ఇప్పుడు ఫోన్లలోకి చేరాయి. మాయలకూ కత్తియుద్ధాలకూ వాయించిన నేపథ్య సంగీతం మాత్రం మాటల అడుగున అలాగే ఉండిపోయింది. తెరమీద బొమ్మ నడుస్తుంటే, దాన్ని చూస్తూ బృందమంతా ఒక్కసారిగా వాయించాల్సిన రోజులవి. ఒక్కరు తప్పితే అందరూ మొదటికి రావాలి. అంత కష్టపడినవారిలో ఎక్కువమంది పేర్లు టైటిల్స్‌లో కూడా కనబడవు. వడపళనిలో వాహినీ స్టూడియో ఉన్నచోట ఇప్పుడు ఆసుపత్రి, షాపింగ్ మాల్ ఉన్నాయి.

ఉత్తరం రాసిన సోదరికి నా సలహా: మొదటిసారి ఏమీ వివరించకండి, విననివ్వండి. అడిగితే అప్పుడు చెప్పండి. మా వాడు మర్నాడు ఇడ్లీ తింటూ "దప్పళం అంటే ఏమిటి?" అన్నాడు. ఆదివారం మా ఆవిడ గుమ్మడికాయ ముక్కలు వేసి కాచి చూపించింది. ముక్కలు ఏరి పక్కన పెట్టాడనుకోండి, పేరు మాత్రం మరిచిపోలేదు.

మన సభ్యుల ఇళ్ళలో పెద్దలెవరైనా మద్రాసు సినిమా వాద్యబృందాల్లో వాయించి ఉంటే, ఏ చిత్రానికి ఏ వాద్యం వాయించారో రాసి పంపండి. కార్డుముక్క అయినా చాలు. వచ్చే సంచికలో ఆ పేర్లు వేద్దాం.